శుక్లం ఆపరేషన్ అయిన కంటికి మళ్లీ మసక ఎందుకు వస్తుంది?

ఆపరేషన్ అయిన కొన్ని నెలలకో, ఏళ్లకో మెల్లగా కమ్ముకొనే మసక మళ్లీ పుట్టిన శుక్లం కాదు. చాలామందిలో అది అమర్చిన లెన్స్ వెనుకనున్న పలుచని పొర మసకబారడం వల్ల వస్తుంది, యాగ్ అనే రకం లేజర్ కిరణంతో సాధారణంగా ఒక్కసారికే తొలగిపోతుంది.

శుక్లం పట్టిన కటకాన్ని తీసేటప్పుడు, దాన్ని చుట్టి ఉండే సంచి వంటి పొరను కొత్త లెన్స్‌కు ఆధారంగా కంటిలోనే ఉంచుతారు. అందులో మిగిలిన సూక్ష్మకణాలు క్రమంగా పెరిగి, వెనుక భాగం మీదికి పాకి, లోపలికి వెళ్లే వెలుతురును చెదరగొడతాయి.

చెన్నైలో ఉండే ఒక పెద్దావిడకు రెండేళ్ల కిందట ఆపరేషన్ జరిగిందని, ఇప్పుడు సిటీ బస్సు దగ్గరికి వచ్చేదాకా దాని నంబరు కనిపించడం లేదని అనుకుందాం. కారణం ఈ పొరే అయితే కళ్లజోడు మార్చినా ప్రయోజనం ఉండదు. చుక్కల మందుతో కంటిపాపను పెద్దది చేసి, లేజర్‌తో పొర మధ్యలో చిన్న ద్వారం తెరుస్తారు; కోత, కుట్లు లేకుండా కొన్ని నిమిషాల్లో పని పూర్తయి, ఆమె ఆ రోజే ఇంటికి వెళ్లవచ్చు.

నాసిరకం లెన్స్ వేశారని, దాన్ని మార్చాలేమోనని భయపడి పరీక్షను వాయిదా వేసేవారు చాలామంది ఉన్నారు, ఆ భయం ఎంతమాత్రం అవసరం లేదు. లేజర్ లెన్స్‌ను తుడవదు, మార్చదు. అయితే చికిత్స తర్వాత మెరుపులు కనిపించినా, నల్లచుక్కలు ఒక్కసారిగా ఎక్కువైనా, చూపుకు తెర అడ్డుపడినట్టు తోచినా, అరుదుగానైనా రెటీనా (కంటి లోపల వెనుక వైపున వెలుతురును గ్రహించే పొర) ఊడే ప్రమాదం ఉంది కనుక వెంటనే కంటి వైద్యుణ్ణి కలవాలి.