ఒక తప్పు వెయ్యండి, చదువుతున్నారో లేదో తెలుస్తుంది

"పాత పాటల మీద ఇష్టంతో నలుగురు స్నేహితులం కలిసి సొంతంగా ఒక చిన్న పత్రిక వేద్దామనుకుంటున్నాం. ఈ రోజుల్లో ఎవరైనా చదువుతారా? రిజిస్ట్రేషన్ లాంటివి కావాలా?" అని అడిగారు.

చదువుతారు. కాకపోతే చదివినట్టు మీకు చెప్పరు. చెప్పించాలంటే అందులో ఒక తప్పుండాలి. అనుభవం మీద చెబుతున్నాను.

1983లో తెనాలిలో డిగ్రీ చదువుతూ మేం ముగ్గురం పాత సినిమా పాటల మీద నెలకో పత్రిక నడిపాం. పేరు మాత్రం అడక్కండి, అప్పుడు గొప్పగా అనిపించింది గానీ ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఫుల్‌స్కేప్ కాగితాలు 4 మధ్యకు మడిచి పిన్ను కొడితే 16 పేజీలు. 60 కాపీలు. ఏడాది చందా 8 రూపాయలు. మా ముగ్గురికీ ఉన్న అర్హతల్లా రేడియో వినడమే. విజయవాడ కేంద్రం, సిలోన్ రేడియోలో తెలుగు పాటలు వేసే మీనాక్షి పొన్నుదురై గారి గొంతు. నోటుబుక్కులో చిత్రం, రచన, సంగీతం, పాడినవారు అని నాలుగు గళ్ళు గీసుకుని, పాట మొదలయ్యేలోపు గబగబా రాసుకునేవాళ్ళం. గరగర వచ్చినప్పుడు ఆ గడి ఖాళీ.

ప్రెస్సులో అచ్చు వేయించే స్తోమత లేదు. మా వీధి చివర టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేత్తో తిప్పి కాపీలు తీసే సైక్లోస్టైల్ మిషను ఒకటి ఉండేది. దానికి పెట్టే స్టెన్సిల్ అంటే మైనం పూసిన పల్చటి కాగితం. దాని మీద ఇనపమొన కలంతో రాస్తే మైనం తెగి, ఆ గీతలోంచి సిరా కింది కాగితం మీదకి దిగుతుంది. ఇంగ్లీషుకి బాగానే పనిచేసేది. మనవన్నీ గుండ్రటి అక్షరాలాయె! కాస్త గట్టిగా నొక్కితే సున్న చుట్టూ తెగి మధ్యలో ముక్క ఊడిపోతుంది, కాగితం మీద నల్లటి బొట్టు పడుతుంది. మా మొదటి సంచికలో ఘంటసాల పేరు వచ్చిన ప్రతిచోటా బొట్టే. సున్నని పూర్తిగా కలపకుండా సన్నటి సందు వదలాలని రెండో సంచికకి గానీ తెలిసిరాలేదు.

ఇంత కష్టపడితే ఆ రెండు సంచికలకీ వచ్చిన ఉత్తరాలు రెండు. ఒకటి మా మేనమామది. రెండోది ఉగాది మీద కవిత. ఈ కవితల సంగతి ముందే చెబుతున్నాను, జాగ్రత్త. పాటల పత్రిక అని అట్ట మీద రాసున్నా వస్తాయి. పాడిపశువుల మీద పత్రిక పెట్టినా వస్తాయి. ఉగాదికి కోయిల, సంక్రాంతికి గొబ్బెమ్మ.

మూడో సంచికలో నేను మాయాబజార్ పాటల మీద రెండు పేజీలు రాశాను. 'లాహిరి లాహిరి లాహిరిలో' దగ్గరికొచ్చేసరికి ఆవేశం పొంగి, ఈ వరస ఘంటసాల తప్ప ఇంకెవరూ కట్టలేరని తీర్పు చెప్పేశాను. నా ఆధారం సినిమా హాలు దగ్గర కొన్న పాటల పుస్తకం. సంగీతం: ఘంటసాల అని దాని మీద ఉంది, ఇంకేం కావాలి?

వారం తిరక్కుండా 11 పోస్టుకార్డులొచ్చాయి. ఆ సినిమాకి ముందు సంగీతం చేసింది సాలూరి రాజేశ్వరరావు గారట. 4 పాటలకి వరసలు కట్టి తప్పుకున్నారు, లాహిరి వాటిలో ఒకటి. వాటికి వాద్యాలు సమకూర్చి రికార్డు చేయించి, మిగతా పాటలు కట్టింది ఘంటసాల. తెర మీద పేరు ఆయనదే. 11 మందిలో ఏడుగురు నన్ను ఉతికి ఆరేశారు. ముగ్గురు "భేష్, ఘంటసాలని అలా మెచ్చుకోవాలి" అన్నారు. ఒకాయన మాత్రం రాజేశ్వరరావు పేరు వదిలినందుకు ఒకసారి, పాట రాసిన పింగళిని 'పింగలి' అని రాసినందుకు ఇంకోసారి, ఒకే కార్డులో రెండుసార్లు తిట్టాడు. 15 పైసలకి అంతకంటే గిట్టుబాటు ఉండదు.

నాలుగో సంచికలో ఆ కార్డులన్నీ ఉన్నవి ఉన్నట్టు వేశాం. ఇక చూడండి. ఘంటసాల పక్షం, రాజేశ్వరరావు పక్షం. వాళ్ళలో వాళ్ళే చిరునామాలు అడిగి తీసుకుని నేరుగా పోట్లాడుకున్నారు. ఆరో సంచికకి 140 కాపీలు తీశాం.

అప్పుడు నాకో తెలివైన ఆలోచన వచ్చింది. 'ఈ సంచికలో కావాలనే ఒక తప్పు పెట్టాం, పట్టుకోండి' అని అట్ట మీద వేశాను. రేపల్లె వైపు పల్లెటూరి నుంచి ఒక పంతులుగారు ఎర్రసిరాతో కార్డు రాశారు: "తప్పు ఒకటే అన్నారు. నాకు 7 కనిపించాయి. కావాలని పెట్టింది ఏదో తెలియజేస్తే మిగతా 6 మీ ఖాతాలో జమ చేస్తాను." ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గరుంది.

రిజిస్ట్రేషన్ అడిగారు కదా. మేం చివరి పేజీ అడుగున 'ప్రైవేటు సర్క్యులేషన్‌కి మాత్రమే' అని వేసి ఊరుకున్నాం. 1867 నాటి పత్రికల రిజిస్ట్రేషన్ చట్టం పోయి, 2024 మార్చి 1 నుంచి కొత్తది అమల్లో ఉంది. ఇప్పటి నియమాలు చూసుకోండి. నన్ను నమ్ముకోవద్దు, అచ్చు కాగితాలు తక్కువ ఖర్చుతో పంపే బుక్‌పోస్టు నియమాలే మాకు అప్పట్లో సరిగా తెలీవు. కవరు అంటించకూడదు, లోపల సొంత ఉత్తరం ఉండకూడదు అనేవారు. మావాడు చందా అయిపోయినవాళ్ళ కాపీల మీద చేత్తో "బాబాయ్ గారూ, 8 రూపాయలు పంపగలరు, పిన్నిని అడిగానని చెప్పండి" లాంటివి రాసేశాడు. అది ఉత్తరం కిందికి వచ్చింది. పాపం వాళ్ళు చందా కట్టకపోగా ఎదురు తపాలా జరిమానా కట్టుకున్నారు. తప్పు మాదే. ఇప్పుడైతే రిజిస్టర్డ్ పోస్టునే స్పీడ్ పోస్టులో కలిపేశారు, 2025లో. అది వేరే ఏడుపు.

పీడీఎఫ్ చేసి వాట్సాప్‌లో పడేద్దాం అనుకుంటున్నారేమో, నా మాట విని ఆ పని చెయ్యకండి. బొటనవేలు బొమ్మలు 200 వస్తాయి. ఆ వేలు చూపించినవాడు మొదటి పేజీ కూడా తెరిచి ఉండడు. కాగితం మీదే వెయ్యండి, ఎంతో కొంత డబ్బు తీసుకోండి. డబ్బిచ్చినవాడే తిడతాడు. ఊరికే ఇస్తే చూసీ చూడనట్టు పోతాడు.

ఇంకొకటి, ప్రతి సంచికా రెండు కాపీలు ఏదైనా మంచి లైబ్రరీకి పంపండి. వేటపాలెం సారస్వత నికేతనం 1918లో పెట్టింది. నా పుట్టుకకి ముందరి పత్రికలు అక్కడ తీసి చూపిస్తే చేతులు వణికాయి. మావి పంపాలని అప్పుడు ఎవరికీ తట్టలేదు. 14వ సంచిక తర్వాత, మా ముగ్గురిలో చేతిరాత బాగున్నవాడికి బ్యాంకు ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. 15వ దానికి స్టెన్సిల్ నేనే రాశాను. మిషను తిప్పే కుర్రాడు ఒక కాపీ తీసి చూసి, "ఇదేం భాషండీ?" అన్నాడు. అక్కడితో ఆగిపోయింది.

బయటికొచ్చిన 14 సంచికల్లో 13 నా దగ్గరున్నాయి. లేనిది ఆ మూడోదే. పోట్లాటలో చేతులు మారి నా కాపీ కూడా ఎవరో పట్టుకెళ్ళారు. తెనాలి, రేపల్లె, పొన్నూరు వైపు మీ తాతగారి ట్రంకుపెట్టెలో లాహిరి మీద వ్యాసం ఉన్న సైక్లోస్టైల్ కాగితాలు కనిపిస్తే, ఫొటో తీసి ఈ జవాబు కింద పెట్టండి. 'పింగలి' అని ఉంటే అది మాదే.