ఒప్పందం ఉంది, పుస్తకం మాత్రం కదలడం లేదు

ప్రశ్న: మా పట్టణంలోని ఐదు డిగ్రీ కళాశాలల గ్రంథాలయాలు పుస్తకాలను ఇచ్చిపుచ్చుకోవాలని రెండేళ్ల క్రితం అవగాహన ఒప్పందం చేసుకున్నాయి. ప్రిన్సిపాళ్లందరూ సంతకాలు చేశారు. అయినా ఇంతవరకు ఒక్క పుస్తకమూ గడప దాటలేదు. లోపం ఎక్కడుంది? అందరం కలిసి ఈ-జర్నళ్లు తెప్పించుకుంటే ఖర్చు తగ్గుతుందా?
— ఒక లైబ్రేరియన్, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: మీ ఒప్పందం ప్రిన్సిపాళ్ల మధ్య కుదిరింది గాని, పుస్తకాన్ని చేతికిచ్చే లైబ్రేరియన్ భయాన్ని తీర్చలేదని నాకు అనిపిస్తోంది. పక్క కళాశాలకు పంపిన పుస్తకం తిరిగి రాకపోతే, పుస్తకాల లెక్క సరిచూసే స్టాక్ వెరిఫికేషన్ నాడు సమాధానం చెప్పుకోవలసింది, కొన్నిచోట్ల జీతంలోంచి కట్టవలసింది కూడా, ఇచ్చిన మనిషే. ఆ భయం న్యాయమైనదే కాబట్టి దానికి కాగితం మీదే జవాబు ఉండాలి. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళి (2017)లోని 215వ నియమం, ఏడాదిలో పాఠకులు తీసుకున్న లేదా చదివిన ప్రతి వెయ్యి పుస్తకాలకు 5 పోవడాన్ని సహజ నష్టంగా పరిగణించవచ్చునంటూనే, అందుకు అశ్రద్ధ గాని నిజాయితీ లోపం గాని కారణం కాకూడదని, 1,000 రూపాయలు దాటిన పుస్తకం పోయినా, అరుదైన గ్రంథం పోయినా విచారణ తప్పదని చెబుతోంది. అది మీ కళాశాలలన్నిటికీ నేరుగా వర్తించకపోయినా, మీ పాలకమండళ్లు అదే నమూనాలో తీర్మానం చేసి, అరువుకు వెళ్లిన పుస్తకం పోతే తీసుకున్న కళాశాలే కొత్త ప్రతి కొనివ్వాలని రాసుకోవచ్చు.

ఇక రెండో లోపం కేటలాగు, అంటే పుస్తకాల జాబితా. పక్క కళాశాలలో ఏముందో తెలియనప్పుడు అడిగేదెవరు? అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో 1967లో 54 కళాశాలలు, విశ్వవిద్యాలయాలు కలిసి గ్రంథాలయాల సహకార సంస్థ అయిన ఓసీఎల్‌సీని స్థాపించుకున్నాయి. ఫ్రెడరిక్ కిల్గోర్ నాయకత్వంలో అక్కడ ముందుగా చేపట్టినది ఉమ్మడి కేటలాగునే; 1971 ఆగస్టు 26న అది కంప్యూటర్‌పై పనిచేయడం మొదలైంది. ఒక గ్రంథాలయం నమోదు చేసిన పుస్తకాన్ని మరొకటి మళ్లీ మొదటి నుంచి నమోదు చేయనక్కరలేకపోవడం వల్ల తొలినాటి నుంచే సభ్యులకు శ్రమ తగ్గింది. కలిసి పనిచేస్తే తమకేం ఒరుగుతుందో సభ్యులకు మొదట్లోనే కంటికి కనబడడం చాలా ముఖ్యమని నా నమ్మకం.

మీలో కొందరు కోహా, కొందరు సోల్, మరికొందరు ఈ-గ్రంథాలయ అనే గ్రంథాలయ సాఫ్ట్‌వేర్లు వాడుతున్నా చింత లేదు. మార్క్ 21 అనే ప్రామాణిక రూపంలో పుస్తకాల రికార్డులు తీస్తే ఒకచోట చేర్చవచ్చు. అసలు చిక్కు తెలుగు పుస్తకాలతోనే వస్తుంది. రచయితను ఒకరు ఇంటిపేరు కింద, ఒకరు సొంత పేరు కింద ఎక్కిస్తారు. మరొకరు రోమన్ లిపిలో తోచిన వర్ణక్రమంతో రాస్తారు. ‘లక్ష్మి’ అన్న ఒక్క పేరే నాలుగైదు రకాలుగా నమోదై ఉంటుంది. అప్పుడు బీరువాలో పుస్తకం ఉన్నా వెతికిన వారికి లేదనే జవాబు వస్తుంది. అందుచేత ఐదుగురు లైబ్రేరియన్లూ ఒకచోట కూర్చుని, తెలుగు పేర్లు యూనికోడ్ తెలుగు లిపిలోనే, ఇంటిపేరు ముందుగా రాయాలని నిర్ణయించుకుని, పాత రికార్డులను విడతలవారీగా సరిదిద్దుకోండి. విసుగు పుట్టించే పనే గాని, దీన్ని దాటవేసి ముందుకు వెళ్లే దారి లేదు.

మీలో పెద్ద గ్రంథాలయం ఉన్న కళాశాలే ఎప్పుడూ ఇస్తూ పోతే, కొంతకాలానికి అది వెనక్కి తగ్గుతుంది. ఎవరు ఎన్ని ఇచ్చారో, ఎన్ని తీసుకున్నారో నెలనెలా అందరికీ తెలియజేయండి. రవాణా ఖర్చు తీసుకునేవారే భరించాలి. ప్రతి కళాశాలా ఒక్కో విషయంలో ప్రత్యేకంగా పుస్తకాలు కొంటే చిన్న కళాశాల దగ్గర కూడా ఇవ్వడానికి ఏదో ఒకటి ఉంటుంది.

ఈ-జర్నళ్ల విషయంలో ఐదు కళాశాలలు కలిసినా ప్రచురణకర్తలతో బేరమాడే బలం రాదు. కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న ఆమోదించిన ‘ఒకే దేశం ఒకే చందా’ పథకం, 2025 నుంచి మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలతో, 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 జర్నళ్లను ప్రభుత్వ విద్యాసంస్థలకు అందిస్తోంది. మీలో ప్రభుత్వ కళాశాల ఉంటే ముందు అందులో నమోదైందో లేదో చూసుకోవాలి. ప్రైవేటు కళాశాలలు ఇన్‌ఫ్లిబ్‌నెట్ (యూజీసీ కేంద్రం) వారి ఈ-వనరుల పథకం ఎన్-లిస్ట్‌ గురించి, 1988లో ఢిల్లీలో మొదలై దేశమంతటా సభ్యులున్న గ్రంథాలయాల నెట్‌వర్క్ డెల్‌నెట్‌ గురించి విచారించడం మేలు. ఒక కళాశాల లాగిన్‌ను మిగిలిన నాలుగూ వాడుకోవడం మాత్రం లైసెన్సు ఉల్లంఘన అవుతుంది. దాన్ని సహకారం పేరుతో మీ ఒప్పందంలో ఎక్కడా చేర్చకండి.