పాత స్పోర్ట్స్ కారు, కాలిఫోర్నియా పొగ పరీక్ష: కొనే ముందు, ఫెయిలైన తర్వాత

కాలిఫోర్నియా నుంచి కడపకు సెలవు మీద వచ్చి పది రోజులయింది. ఈ పది రోజుల్లో ఇంటికి వచ్చినవాళ్లు అడిగిన సందేహాల్లో చాలావరకు వీసాల గురించి, అద్దె ఇళ్ల గురించి. నిన్న సాయంత్రం మాత్రం ఏడు రోడ్ల కూడలి దగ్గర బట్టల దుకాణం నడిపే నా చిన్ననాటి స్నేహితుడు ముఖం వేలాడేసుకుని వచ్చాడు. "మావాడు ఫ్రీమాంట్‌లో ఏదో రెండు సీట్ల జపాన్ కారు కొన్నాడట. పొగ పరీక్షలో ఫెయిలైందట. బండి వాడి పేరు మీదికి మారడం లేదు. మెకానిక్కు రెండు వేల డాలర్లు అడుగుతున్నాడట. నువ్వు ఇన్నేళ్లుగా అక్కడే ఉన్నావు కదా, కాస్త చూడరా" అంటూ ఫోనులో ఫొటో చూపించాడు.

అది పరీక్ష కేంద్రం ఇచ్చిన కాగితం. కారు 1991 మజ్దా మియాటా. గంటకు 15 మైళ్ల వేగం దగ్గర ఒక వరుస, 25 మైళ్ల దగ్గర ఇంకో వరుస. హైడ్రోకార్బన్లు పరిమితికి చాలా లోపలే ఉన్నాయి. కార్బన్ మోనాక్సైడ్ కూడా అంతే. నైట్రిక్ ఆక్సైడ్ మాత్రం రెండు వరుసల్లోనూ పరిమితికి దాదాపు రెండింతలు. ఆ కాగితం చూడగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. కారు అడ్డంగా పాడైపోయి ఉంటే మూడు అంకెలూ చెడేవి. ఒక్కటే చెడిందంటే జబ్బు ఎక్కడో ఒకచోటే ఉంది.

స్నేహితుడి కొడుకుకి ఫోను చేసి చెప్పిన సంగతులే ఇక్కడ రాస్తున్నాను. మన కడప, ప్రొద్దుటూరు, అనంతపురం, కర్నూలు పిల్లలు అక్కడ ఉద్యోగంలో కుదురుకున్న ఏడాదికో రెండేళ్లకో పాత స్పోర్ట్స్ కారు మీద మనసు పడటం నేను చూస్తూనే ఉన్నాను. ఆ ముచ్చట తప్పు కాదు. నాకూ ఉంది, ఇప్పటికీ ఉంది. డబ్బు పోయేది కారు వల్ల కాదు, పరీక్ష అంటే ఏమిటో తెలియక.

మన ఊళ్లో పెట్రోలు బంకు పక్కన వ్యాను ఉంటుంది. బండి నిలబెట్టి, ఇంజను ఊరికే తిరుగుతుండగా సైలెన్సర్‌లో గొట్టం పెడతారు, సర్టిఫికెట్ చేతిలో పెడతారు. కాలిఫోర్నియాలో పద్ధతి వేరు. బే ఏరియా, లాస్ ఏంజెలెస్ లాంటి చోట్ల 1976 నుంచి 1999 వరకు తయారైన చాలా కార్లను రోలర్ల మీదికి ఎక్కించి, గేరు వేసి నడిపిస్తూ పొగ కొలుస్తారు. 2000, ఆ తర్వాతి పెట్రోలు కార్లకు గొట్టం పెట్టరు, కారులోని కంప్యూటర్‌కే తీగ తగిలించి చదువుతారు. 1975, అంతకు ముందు కార్లకు పరీక్షే లేదు. సాధారణంగా రెండేళ్లకోసారి పరీక్ష వస్తుంది. చేతులు మారినప్పుడు మళ్లీ వస్తుంది. స్నేహితుడి కొడుకు ఇరుక్కున్నది ఈ రెండో దానిలోనే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ప్రైవేటుగా కారు అమ్మేటప్పుడు పొగ పరీక్ష పాసైన సర్టిఫికెట్ ఇవ్వాల్సిన బాధ్యత చట్టం ప్రకారం అమ్మేవాడిది. ఆ సర్టిఫికెట్ 90 రోజులు చెల్లుతుంది. "కారు ఎలా ఉందో అలాగే అమ్ముతున్నాను, తర్వాత నన్ను అడగవద్దు" అని కాగితం మీద రాయించుకున్నా ఆ బాధ్యత తప్పదు. కొత్తగా వచ్చినవాడికి ఇది తెలియదు. నాలుగు వందలు తగ్గిస్తానంటే సంబరపడి సంతకం పెడతాడు. 2007లో నేను పెట్టాను, మొన్న వీడు పెట్టాడు. సర్టిఫికెట్ చూడకుండా డబ్బు చేతికి ఇవ్వవద్దు. ఇంకో పని కూడా చేయండి. బ్యూరో ఆఫ్ ఆటోమోటివ్ రిపేర్ అనే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ వెబ్‌సైటులో నంబరు ప్లేటు కొడితే ఆ కారు పాత పరీక్షల చరిత్ర అంతా ఉచితంగా కనిపిస్తుంది. ఎన్నిసార్లు ఫెయిలైందో, ఎప్పుడు పాసైందో తెలిసిపోతుంది. పెళ్లి సంబంధానికి ఊరంతా విచారించే మనవాళ్లు, ఐదు నిమిషాల పని అయిన దీన్ని వదిలేయడం నాకు బాధగా ఉంటుంది.

కొందరు పిల్లల కల ఇంకొంచెం పెద్దది. జపాన్ వీధుల్లో తిరిగిన నిస్సాన్ స్కైలైన్ లాంటి కారును ఓడలో తెప్పించుకోవాలని. స్టీరింగు మన ఊళ్లో లాగే కుడివైపు ఉంటుంది, ఆ మోజు నాకు అర్థమవుతుంది. "25 ఏళ్లు దాటితే చాలు కదా మామా" అని అడుగుతారు. చాలదు నాయనా. ఆ 25 ఏళ్ల లెక్క కేంద్ర ప్రభుత్వ భద్రతా ప్రమాణాలకు సంబంధించింది. పొగ విషయంలో కేంద్రం 21 ఏళ్లు దాటిన, మార్పులు చేయని కార్లను వదిలేస్తుంది. కాలిఫోర్నియా వదలదు. అమెరికాలో అమ్మడానికి తయారు కాని కారు 1976 లేదా తర్వాతిదైతే, రాష్ట్ర వాయు వనరుల బోర్డు గుర్తించిన ప్రయోగశాలలో మార్పులు చేయించి, పరీక్షించి, ధ్రువపత్రం తేవాలి. దానికి వేల డాలర్లు అవుతాయి. కొన్నిసార్లు కారు ధరకు దగ్గరగా వస్తుంది. టెక్సాస్ సంగతి వేరు. అక్కడ పొగ పరీక్ష ఉన్న కౌంటీల్లో కూడా అది 2 నుంచి 24 ఏళ్ల కార్లకే. అందుకే డల్లాస్‌లో ఉన్న మనవాడు జపాన్ కారులో హాయిగా తిరుగుతాడు. ఉద్యోగం మారి శాన్ హోసే వచ్చిన రోజున అదే కారు ఇంటి ముందు బొమ్మలా నిలబడిపోతుంది.

కాబట్టి కొనే ముందు బానెట్ ఎత్తించండి. అమెరికాలో అమ్మిన కారైతే లోపల ఒక లేబుల్ అతికించి ఉంటుంది. ఏ సంవత్సరపు ఏ ప్రమాణాలకు ఆ ఇంజను సరిపోతుందో దాని మీద రాసి ఉంటుంది. గొట్టాలు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లాలో చూపే బొమ్మ కూడా చాలా కార్లలో ఉంటుంది. ఆ లేబుల్ లేకపోతే, ఉన్న గొట్టాలు బొమ్మతో కలవకపోతే, ఎవరో చెయ్యి పెట్టారని అర్థం. అమెరికాలో అమ్మిన మియాటా లాంటివి జపాన్‌లో తయారైనా అమెరికా ప్రమాణాలకే తయారైనవి, అందుకే నేను పిల్లలకు వాటినే చెబుతాను.

ఇక ఫెయిలైన కాగితం చదవడం. దీన్ని మెకానిక్కుకే వదిలేయవద్దు, మీరు చదవండి. కట్టెల పొయ్యి ముందు కూర్చున్న అమ్మకు ఈ శాస్త్రం అంతా తెలుసు. గాలి చాలకపోతే పొగ, తడి కట్టె అంటుకోకపోతే పొగ. ఇంజనులో హైడ్రోకార్బన్లు అంటే కాలకుండా బయటికొచ్చిన పెట్రోలు. ప్లగ్గులోనో, ప్లగ్గు తీగలోనో లోపం ఉండో, ఎక్కడో గాలి లీకవుతూ ఉండో నిప్పు సరిగా అంటుకోవడం లేదని అర్థం. కార్బన్ మోనాక్సైడ్ అంటే సగం కాలిన పెట్రోలు, గాలికి మించి పెట్రోలు పడుతోంది. ఆక్సిజన్ సెన్సార్ ముసలిదై ఉండవచ్చు, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి ఉండవచ్చు, మార్చని ఆయిల్‌లో పెట్రోలు కలిసి ఆ ఆవిరి మళ్లీ ఇంజనులోకే పోతుండవచ్చు. నైట్రిక్ ఆక్సైడ్ కథ వేరు. గాలిలో నైట్రోజన్ 78 శాతం. మామూలుగా అది దేనితోనూ కలవదు. సిలిండర్‌లో వేడి మరీ పెరిగితేనే ఆక్సిజన్‌తో కలుస్తుంది. కాబట్టి అది ఒక్కటే ఎక్కువగా ఉంటే మంట మరీ వేడిగా ఉందన్నమాట. టైమింగు, అంటే ప్లగ్గు నిప్పు వేసే క్షణం, ముందుకు జరిగి ఉండాలి, లేదా పెట్రోలు తక్కువ పడుతుండాలి, లేదా రేడియేటర్ పనిచేయక ఇంజను వేడెక్కుతుండాలి, లేదా పొగ గొట్టంలో విషవాయువులను విరిచే డబ్బా, క్యాటలిటిక్ కన్వర్టర్, నీరసించి ఉండాలి.

మెకానిక్కు రెండు వేలు అడిగింది ఆ కన్వర్టర్ మార్చడానికే. మొదటే దాని జోలికి పోవద్దన్నాను. దానికి కారణం నా అనుభవం. 2007లో నా మొదటి మియాటా ఫెయిలైనప్పుడు, ఇంటర్నెట్‌లో చవకగా దొరికిన కన్వర్టర్ తెప్పించి ఒక షెడ్డులో వెల్డింగు చేయించాను. పరీక్ష చేసే అబ్బాయి కారు కింద అద్దం పెట్టి, టార్చి వేసి, రెండు నిమిషాలు వెతికాడు. అలాంటి బయటి కంపెనీ కన్వర్టర్ డొక్క మీద కాలిఫోర్నియా ఆమోద సంఖ్య చెక్కి ఉండాలి. దాని మీద లేదు. పొగ అంకెలు ఎలా ఉన్నా సరే, కంటి పరీక్షలోనే ఫెయిల్. మిగతా రాష్ట్రాల్లో చెల్లే కన్వర్టర్ ఇక్కడ చెల్లదు. మీ కారు మోడల్‌కు, సంవత్సరానికి ఆమోదం ఉన్నదే వేయాలి, దాని ధర రెండు మూడింతలు ఉంటుంది. ఇంకా ముఖ్యమైనది ఏమిటంటే, కన్వర్టర్ తనంతట తాను చావడం తక్కువ. ముందున్న ఇంజను జబ్బు దాన్ని చంపుతుంది. జబ్బు ఉంచి కొత్తది వేస్తే ఆ కొత్తదీ ఏడాదిలో పోతుంది.

స్నేహితుడి కొడుకును టైమింగు చూడమన్నాను. మియాటా నడిపేవాళ్లలో చాలామందికి ఒక అలవాటు ఉంది. బండి కాస్త చురుగ్గా లాగుతుందని టైమింగును కంపెనీ చెప్పిన 10 డిగ్రీల నుంచి ముందుకు జరుపుతారు. వాడు పక్క అపార్టుమెంటులో ఉన్న అనంతపురం అబ్బాయి దగ్గర టైమింగు లైటు తెచ్చుకున్నాడు. మేము ఇక్కడ కడపలో రాత్రి పదిన్నరకు ఫోనులో చూస్తున్నాం, అక్కడ పగలు. ఇంజను బాగా వేడెక్కనిచ్చాడు. లైట్లు, ఫ్యాను, పాటలు అన్నీ ఆపాడు. బానెట్ కింద చిన్న నల్ల డబ్బా మూత తీసి, అందులో రెండు రంధ్రాల మధ్య చిన్న తీగ ముక్క పెట్టాడు. అలా పెట్టకపోతే కంప్యూటర్ టైమింగును తానే మార్చేస్తూ ఉంటుంది, కనిపించే అంకె నిజం కాదు. మొదటి సిలిండర్ తీగకు లైటు తగిలించి, కింద తిరుగుతున్న పుల్లీ మీద వెలుగు కొట్టాడు. పుల్లీ మీది గీత గాలిలో నిలబడినట్టు కనిపించింది. 10 దగ్గర ఉండాల్సింది 15 దాటి ఉంది. ఇంజను వెనుక గోడ వైపు ఉన్న సెన్సార్‌కు 12 నంబరు బోల్టు ఒకటి ఉంటుంది. దాన్ని వదులు చేసి, వేలితో వెంట్రుకవాసి తిప్పితే గీత కదిలింది. 10 మీదికి తెచ్చి బిగించాడు. ఖర్చు ఏమీ లేదు. ఫోనులో వాళ్ల నాన్న ఏమీ అనలేదు కానీ కుర్చీలో వెనక్కి వాలాడు.

ఆ తర్వాత చేయాల్సినవి చిన్నవే. ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. పెట్రోలు ట్యాంకు మూత రబ్బరు పగిలి ఉంటే కొత్తది వేయాలి, ఎందుకంటే మూతనూ, 1995 వరకు వచ్చిన కార్లలో పెట్రోలు ఆవిరి గొట్టాలనూ విడిగా పరీక్షిస్తారు. తాళం తిప్పగానే చెక్ ఇంజన్ దీపం వెలిగి, ఇంజను మొదలయ్యాక ఆరిపోవాలి. కొందరు ఆ దీపం బల్బు పీకేస్తారు, అది కూడా ఫెయిలే. మొదట అధికారిక పరీక్ష కాకుండా ముందస్తు పరీక్ష చేయమని అడగాలి. ఆ ఫలితం వాహనాల రిజిస్ట్రేషన్ చూసే రాష్ట్ర శాఖ డీఎంవీకి వెళ్లదు. పరీక్ష రోజున హైవే మీద కనీసం ఇరవై నిమిషాలు నడిపి నేరుగా కేంద్రానికి వెళ్లాలి, వరుసలో ఉన్నప్పుడు ఇంజను ఆపకూడదు. కన్వర్టర్ బాగా వేడెక్కితేనే పనిచేస్తుంది. చల్లారిన కన్వర్టర్‌తో మంచి కారు కూడా ఫెయిలవుతుంది.

ఇంకొకరి కారు పొగ పెట్టి పాస్ చేయిస్తామని చెప్పేవాళ్లు తగులుతారు. వాళ్ల నీడ కూడా తాకవద్దు. అది నేరం. వీసా మీద ఉన్నవాడు రెండు వందల డాలర్ల పని కోసం తన బతుకును పణంగా పెట్టకూడదు. ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకు మరమ్మతు ఖర్చులో కొంత భరించే పథకం రాష్ట్ర ప్రభుత్వమే నడుపుతోంది. అర్హత ఉంటే దానికి దరఖాస్తు పెట్టండి, అందులో నామోషీ ఏమీ లేదు.

ఈ పరీక్ష డబ్బు గుంజడానికి పెట్టిందని మనవాళ్లు అంటుంటే నాకు నచ్చదు. మా నాన్న ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆయన కనురెప్పల మీద బూడిద రంగు పొడి ఉండేది, రాత్రంతా దగ్గు వినిపించేది. గాలి అంటే ఏమిటో నాకు అప్పుడే తెలిసింది. లాస్ ఏంజెలెస్ కూడా మన కడప లాగే కొండల మధ్య ఉన్న ఊరు. 1950ల్లో అక్కడి కాల్‌టెక్ విద్యాసంస్థ శాస్త్రవేత్త ఆరీ హాగెన్-స్మిట్, కార్ల నుంచి వచ్చే హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో కలిసి ఓజోన్‌గా మారుతున్నాయని చూపించాడు. ఆ ఊరివాళ్ల కళ్లు మండింది దానివల్లే. మన పిల్లవాడి కాగితంలో ఎక్కువగా కనిపించింది ఆ రెండింటిలో ఒకటే. 1984లో కాలిఫోర్నియాలో ఈ పరీక్ష మొదలైంది అందుకే.

ఈ రోజు పొద్దున ముందస్తు పరీక్ష ఫలితం వచ్చింది. నైట్రిక్ ఆక్సైడ్ పరిమితి లోపలికి వచ్చింది, మరీ లోపలికి కాదు. రేడియేటర్‌లో కూలెంట్ కూడా మార్చి, శనివారం అసలు పరీక్షకు వెళ్లమన్నాను. ఈలోపు పేరు మార్పిడి రుసుము డీఎంవీకి కట్టేయమన్నాను. కొన్న పది రోజుల్లోపు దరఖాస్తు చేయాలి, పరీక్ష పాస్ కాలేదని ఆగితే జరిమానా పడుతుంది. స్నేహితుడు మధ్యలో అందుకుని, పాసైతే ఇచ్చే సర్టిఫికెట్ అద్దం మీద ఎక్కడ అతికించాలని అడిగాడు. అతికించేది ఏమీ ఉండదని, ఫలితం కేంద్రం నుంచి కంప్యూటర్ ద్వారా నేరుగా డీఎంవీకి వెళ్తుందని చెప్పాను. అయినా వాళ్లు చేతికిచ్చే కాగితాన్ని పారేయవద్దని, రేపు ఆ కారు అమ్మే రోజున కొనేవాడి ముందు పెట్టాలని పిల్లవాడికి చెప్పాను.