ఆన్‌లైన్ ఎంబీఏ చేరబోతున్న మేనకోడలికి

చి.ల.సౌ. మేనకోడలికి మామయ్య దీవించి వ్రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వు పంపిన రెండు బ్రోచర్లనూ, ఒకటి లక్షా ఎనభై వేలు అడుగుతున్న ప్రైవేటు విశ్వవిద్యాలయానిది, రెండవది ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అదే ఇగ్నోది, కళ్లజోడు సవరించుకుంటూ చివరి పుటలోని చిన్న అక్షరాలతో సహా చదివాను. ఈ రెండింటిలో ఏది మంచిదో చెప్పమన్నావు. పటాన్‌చెరు ఫ్యాక్టరీలో ఇరవయ్యారేళ్లు సిబ్బంది విభాగంలో పనిచేసి, పట్టాలు జతచేసిన దరఖాస్తులను గుట్టలుగా చూసినవాడిగా నా మొదటి జవాబు ఒక ప్రశ్నే: ఆ పట్టాను నువ్వు ఎవరి బల్ల మీద పెట్టబోతున్నావు?

నువ్వు పనిచేస్తున్న బ్యాంకులోనే పదోన్నతి కావాలనుకుంటే, ఆన్‌లైన్ ఎంబీఏను లెక్కలోకి తీసుకుంటారా అని మీ హెచ్ఆర్ విభాగాన్ని ఈమెయిల్‌లో అడుగు, జవాబు కూడా ఈమెయిల్‌లోనే తెప్పించుకో. నోటిమాట చెప్పిన మేనేజరు వచ్చే ఏడాదికి బదిలీ అయిపోతాడు. బ్యాంకు వాళ్లకు జేఏఐఐబీ, సీఏఐఐబీ అనే వృత్తి పరీక్షలు ఉండనే ఉన్నాయి. వాటికయ్యే ఖర్చు ఎంబీఏ ఖర్చులో చిన్న భాగం. మీ బ్యాంకు వాటికే ఎక్కువ విలువ ఇస్తే, ఈ ఉత్తరంలో మిగతా భాగం చదవనక్కరలేదు. బ్యాంకు వదిలి వేరే రంగానికి వెళ్లాలన్నా, ముందు ముందు పీజీ అర్హతగా అడిగే ప్రభుత్వ పోస్టులకు దరఖాస్తు చేయాలన్నా ఎంబీఏ గురించి ఆలోచించడంలో అర్థముంది.

చేరాలని తేల్చుకున్నాక, ఎవరి మాటా వినకుండా నీ కళ్లతో నువ్వే చూడవలసింది ఒకటుంది. విశ్వవిద్యాలయాలను నియంత్రించే యూజీసీలో దూరవిద్యా బ్యూరో అని ఒక విభాగం ఉంది, దాన్నే డెబ్ అంటారు. ఏ విశ్వవిద్యాలయం ఏ కోర్సును ఆన్‌లైన్‌లో నడపవచ్చో ఆ బ్యూరో తన వెబ్‌సైటులో ప్రకటిస్తుంది. ఆ జాబితాలో విశ్వవిద్యాలయం పేరు కనిపించగానే తృప్తిపడకు. ఎంబీఏ అన్న కోర్సు పేరు ఉందా, నువ్వు చేరబోయే విద్యా సంవత్సరానికీ, సెషన్‌కూ అనుమతి ఉందా, ఆ అనుమతి ఆన్‌లైన్ విధానానికా దూరవిద్యకా అన్న మూడూ విడివిడిగా చూడాలి. దూరవిద్య, ఆన్‌లైన్ ఒకటి కావు. దూరవిద్యలో చాలా విశ్వవిద్యాలయాలకు ప్రాంతీయ పరిధి ఉంటుంది, ఆన్‌లైన్‌కు ఆ హద్దు లేదు. 2020 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం అనుమతి పొంది ఇచ్చిన ఆన్‌లైన్ డిగ్రీ, కాలేజీకి వెళ్లి చదివిన డిగ్రీతో సమానమేనని 2022 సెప్టెంబరులో యూజీసీ స్పష్టంగా చెప్పింది కాబట్టి, అనుమతి ఉన్నచోట ఆ బెంగ అక్కరలేదు.

ఇంత చాదస్తం ఎందుకని నీకు అనిపించవచ్చు. మనదేశంలో అనుమతి చూసుకోకుండా చేరినవాళ్లు పడ్డ అవస్థలు చిన్నవి కావు. ఛత్తీస్‌గఢ్‌లో ఒక చట్టం అండతో పుట్టుకొచ్చిన నూరుకు పైగా ప్రైవేటు విశ్వవిద్యాలయాలు, 2005లో సుప్రీంకోర్టు ఆ చట్టంలోని సెక్షన్లను కొట్టివేయడంతో ఒక్కసారిగా ఉనికి కోల్పోయాయి. కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాలు అనుమతి లేకుండా దూరవిద్యలో ఇచ్చిన ఇంజినీరింగ్ డిగ్రీలకు వ్యతిరేకంగా 2017లో అదే కోర్టు తీర్పు ఇచ్చేనాటికి, ఆ పట్టాలు పట్టుకున్నవాళ్లు ఎన్నో ఏళ్లుగా ఉద్యోగాల్లో ఉన్నారు. నా సంగతే చూడు. 1998లో నేను వేరే రాష్ట్రపు విశ్వవిద్యాలయం పేరు చెప్పి మా వీధి చివర తెరిచిన ఒక స్టడీ సెంటరులో పీజీ డిప్లొమాకు డబ్బు కట్టాను. మొదటి ఏడాది పరీక్షలు రాసి వచ్చాక ఆ గదికి తాళం కనిపించింది. మార్కుల జాబితా నేటికీ రాలేదు. పోయిన ఏడు వేల కన్నా, తెల్లవారుజామున లేచి చదివిన ఆ ఏడాది పోయిందన్న బాధే నాకు ఎక్కువ కాలం ఉంది.

ఇప్పుడు తాళాలు వేసే గదులు లేవు కానీ ఫోన్లు చేసే గొంతులున్నాయి. కౌన్సెలర్‌నని చెప్పి నీకు రోజూ ఫోన్ చేస్తున్న అబ్బాయి విశ్వవిద్యాలయం ఉద్యోగి కాకపోవచ్చు. అడ్మిషన్‌కింత అని కమీషన్ తీసుకునే సంస్థ మనిషి కావచ్చు. పాపం, అతని ఉద్యోగం అతనిది. అయితే ‘ఈ రాత్రితో రాయితీ ముగుస్తుంది’ అన్న మాటకు కంగారుపడవద్దు. ప్రవేశాలు జనవరి–ఫిబ్రవరిలో ఒకసారి, జులై–ఆగస్టులో ఒకసారి, ఏటా రెండుసార్లు జరుగుతూనే ఉంటాయి. 2024 నుంచి ఈ కోర్సుల్లో చేరాలంటే ముందుగా డెబ్ ఐడీ తీసుకోవాలి, దానికి విద్యార్థి క్రెడిట్లు జమయ్యే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతా ఉండాలి. ఆ రెండూ నువ్వే చేసుకో, ఓటీపీ ఎవరికీ చెప్పకు. ఫీజును విశ్వవిద్యాలయం సొంత పోర్టల్‌లోనే కట్టు. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ వద్ద ఉంచుకుంటామని ఎవరైనా అంటే అక్కడితో ఆగిపో. అలా ఉంచుకోకూడదని యూజీసీ నిబంధనే ఉంది.

ఖర్చు సంగతికి వస్తే, ఇగ్నో ఎంబీఏ మొత్తం మీద అరవై, డెబ్బై వేల మధ్యలో ముగుస్తుంది. ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో లక్షన్నర నుంచి రెండు, రెండున్నర లక్షల దాకా ఉంది. బ్రోచరు మీద అచ్చువేసేది ట్యూషన్ ఫీజు మాత్రమే. పరీక్ష ఫీజు ఎంత, తప్పిన పేపరు మళ్లీ రాస్తే ఎంత, ప్రాజెక్టు మూల్యాంకనానికి ఎంత, గడువు దాటితే తిరిగి నమోదుకు ఎంత అన్నవి రాతపూర్వకంగా అడిగి, అన్నీ కూడి అప్పుడు పోల్చు. నెలవారీ వాయిదాలని వాళ్లు చెప్పేది చాలాచోట్ల ఒక ఫైనాన్స్ కంపెనీ నీ పేరిట ఇచ్చే అప్పు. రెండో సెమిస్టరులో చదువు మానేసినా వాయిదాలు మానవు, తప్పితే దెబ్బ నీ సిబిల్ స్కోరు మీద పడుతుంది. బ్యాంకులో కూర్చుని రోజూ ఇదే మాట పదిమందికి చెప్పే నీకు నేను చెప్పడం విడ్డూరమే, అయినా మన దాకా వస్తే లెక్క తప్పుతాం.

మరి ఆ అదనపు లక్ష ఎక్కడైనా సార్థకమవుతుందా అంటే, అవుతుంది. సాయంత్రం తరగతులు నేరుగా జరిగి, అధ్యాపకుడిని ప్రశ్న అడిగే వీలుండి, గడువు గుర్తుచేసే మనిషి ఉంటే కొందరికి అది లేకుండా చదువు సాగదు. అది నిజంగా ఉందో లేదో తెలుసుకోవాలంటే ప్రస్తుతం రెండో ఏడు చదువుతున్న ఇద్దరిని వెతికి పట్టుకుని మాట్లాడు. విశ్వవిద్యాలయం ఇచ్చిన ఫోన్ నంబర్లు కాకుండా నీకై నువ్వు వెతుక్కున్నవాళ్లు కావాలి. న్యాక్ గ్రేడు, ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకు చూడవలసినవే, కాని అవి మొత్తం విశ్వవిద్యాలయానికి వేసిన మార్కులు, నీ ఆన్‌లైన్ తరగతికి వేసినవి కావు. ప్లేస్‌మెంట్ సహాయం అన్న మాటను నేనైతే లెక్కలోకే తీసుకోను. డల్లాస్‌లోని మా చిన్నవాడు సూచించిన ఇలినాయ్ విశ్వవిద్యాలయం ఆన్‌లైన్ ఎంబీఏ పేరున్నదే, అక్కడి ధరలతో పోలిస్తే చవకే. కానీ పాతిక వేల డాలర్లకు అటూఇటూగా అవుతుంది, అంటే మన డబ్బులో ఇరవై లక్షల పైమాట. కర్నూలులో ఉద్యోగం చేసుకుంటున్న నీకు అది అనవసరం.

అసలు కొరత సమయానిది. ఇగ్నో ఎంబీఏ, మన చదివింపుల లెక్కలాగా, సరిగ్గా నూటపదహారు క్రెడిట్లు. ఒక క్రెడిట్ అంటే ముప్పై గంటల చదువు. గుణిస్తే 3,480 గంటలు. రెండేళ్లలో ముగించాలంటే వారానికి ముప్పైమూడు గంటలు. అన్ని గంటలూ ఎవరూ కూర్చోరన్నది నిజమే, కానీ సగం వేసుకున్నా ఒకటో తరగతి పిల్లతో, మార్చి నెలాఖరు లెక్కలతో అది తేలిక కాదు. నాలుగేళ్ల దాకా గడువు ఉంది కనుక మూడేళ్ల పథకం వేసుకో.

అంతకన్నా ముందు, రూపాయి ఖర్చు లేని ఒక పరీక్ష పెట్టుకో. కేంద్ర ప్రభుత్వం నడిపే స్వయం అనే పోర్టల్‌లో బెంగళూరు ఐఐఎం వారివి, ఐఐటీల ఉమ్మడి కార్యక్రమమైన ఎన్‌పీటీఈఎల్ వారివి మేనేజ్‌మెంట్ కోర్సులు ఉచితంగా ఉన్నాయి. పన్నెండు వారాల కోర్సు ఒకటి తీసుకుని, ప్రతి వారం అసైన్‌మెంటు గడువులోగా పంపించు. ఎన్‌పీటీఈఎల్‌లో కావాలంటే వెయ్యి రూపాయలు కట్టి పరీక్ష కూడా రాయవచ్చు. పన్నెండు వారాలూ నిలబడితే ఇగ్నో నీకు చాలు, మిగిలిన లక్ష పిల్ల పేరున డిపాజిట్ చెయ్యి. ఐదో వారంలో ఆగిపోతే, తరగతులు నడిపే ఆ ఖరీదైన దాని గురించి మళ్లీ మాట్లాడుకుందాం.

ఈ సెషన్‌ను వదిలెయ్యి. సంక్రాంతికి వచ్చేటప్పుడు మీ హెచ్ఆర్ వారి జవాబు, డెబ్ జాబితాలో ఎంబీఏ ఉన్న పుట ప్రింటు తీసుకురా. అల్లుడిగారికి నమస్కారాలు, పాపకు ముద్దులు.

ఇట్లు,
మీ మామయ్య