జైలుకు వెళ్లొచ్చినా పిల్లాడి మనోవర్తి బాకీ తీరదు

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. మా బాబుకు నెలనెలా 5వ తేదీలోగా 8,000 రూపాయలు మనోవర్తి ఇవ్వాలని మేజిస్ట్రేట్ కోర్టు ఉత్తర్వు ఇచ్చింది. 14 నెలలుగా పైసా రాలేదు. ఆయన కౌలుకు చేపల చెరువు చేస్తున్నారు, కొబ్బరి తోటలో వాటా కూడా ఉంది. "నెల రోజులు లోపల ఉండొస్తే బాకీ పోతుంది. అయినా పిల్లాణ్ని చూపించనప్పుడు ఎందుకివ్వాలి?" అంటున్నారు. నేనేం చేయాలి?

జవాబు: అమ్మా, ముందు గడువు సంగతి చూసుకోండి. వసూలుకు వారెంట్ కావాలంటే, ఏ నెల సొమ్ముకైనా అది ఇవ్వాల్సిన తేదీ నుంచి ఏడాదిలోగా పిటిషన్ పడాలి. పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీ 125(3)లో ఉన్న ఈ నియమం ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ 144(3)లో ఉంది. మీకు రావాల్సింది మొత్తం 1,12,000. ఇప్పుడే వేస్తే 12 నెలల సొమ్ము, అంటే 96,000 ఈ దారిలో వసూలు చేసుకోవచ్చు. 5వ తేదీ దాటిన ప్రతిసారీ మరో 8,000 ఈ దారి నుంచి చేజారుతుంది. పాత రెండు నెలల 16,000 మాఫీ అయిపోలేదు, దానికి సివిల్ దావా వేసుకోవచ్చని పూంగోడి కేసులో 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ దావాకు గడువు మూడేళ్లు.

జైలుతో బాకీ పోతుందన్నది తప్పు. జైలు అనేది సొమ్ము ఇప్పించే మార్గమే కానీ, సొమ్ము ఇచ్చినట్టు లెక్క కాదని కుల్దీప్ కౌర్ కేసులో 1988లోనే సుప్రీంకోర్టు తేల్చింది. బాబును చూసే హక్కు కోసం ఆయన వేరే పిటిషన్ వేసుకోవాలి. చూపించలేదన్న సాకుతో పిల్లాడి తిండి, చదువు ఆపడానికి వీల్లేదు.

నా మాట వింటే జైలు కన్నా ఆస్తి మీద దృష్టి పెట్టండి. జప్తుకు ఏముందో పిటిషన్‌లో రాయకపోతే వారెంట్ "ఆస్తి కనబడలేదు" అన్న రాతతో తిరిగొస్తుంది. ఎక్కువ కేసులు ఇక్కడే ఆగిపోతాయి. ప్రభుత్వ భూ రికార్డుల వెబ్‌సైట్ మీభూమిలో ఆయన భూమి వివరాలుండే 1బి, అడంగల్ తీయండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం) అడగండి. బండి నంబరు, బ్యాంకు శాఖ పేరు రాయండి. చెరువు గట్టు ఎవరిదైనా అందులో పెంచిన చేప ఆయనదే. పట్టుబడి ఎప్పుడో, కొబ్బరి దింపు ఎప్పుడో కనుక్కుని, దానికి ముందే వారెంట్ చేతిలో ఉండేలా చూసుకోండి. సరుకు లారీ ఎక్కాక చేయగలిగింది తక్కువ.

జరిమానా వసూలు చేసే పద్ధతే దీనికీ వర్తిస్తుంది. చరాస్తిని జప్తు చేసి అమ్మించవచ్చు. లేదా కోర్టు కలెక్టరుకు వారెంట్ పంపితే భూమి శిస్తు బకాయిలా స్థిరాస్తి మీద కూడా వసూలు చేస్తారు. కొబ్బరి వాటాకు ఈ రెండో దారే సరిపోతుంది, పిటిషన్‌లో దాన్ని పేరుపెట్టి అడగండి. కేసు పడ్డాక వాటాను తమ్ముడికో తల్లికో రాసిచ్చేస్తే, బాకీ ఎగ్గొట్టడానికి చేసిన బదిలీ అని సివిల్ కోర్టులో సవాలు చేయవచ్చు.

ఆయన హైదరాబాదు వెళ్లిపోయినా, బీఎన్ఎస్ఎస్ 147 ప్రకారం ఆయన ఉన్న చోటి మేజిస్ట్రేట్ ద్వారానే ఉత్తర్వు అమలు చేయించవచ్చు. ఉత్తర్వు నకలు మీకు ఉచితంగా ఇవ్వాలి.

పెద్దమనుషుల దగ్గర 20,000 చేతిలో పెట్టి "కేసు తీసెయ్" అంటే తొందరపడి సంతకం చేయకండి. సొమ్ము బ్యాంకు ద్వారానే తీసుకోండి, ఏ నెలలకో రసీదులో రాయండి. పిటిషన్ నడుస్తుండగా పెరిగే నెలలను మెమోతో, అంటే కోర్టుకిచ్చే చిన్న రాతపూర్వక వినతితో, కలపమని అడగవచ్చు. అయినా ఏడాది నిండకముందే కొత్త పిటిషన్ కూడా వేసుకోవడం భద్రం.

లాయరు ఫీజు కోసం ఆగిపోకండి. మహిళలకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. మీ కోర్టు ఆవరణలోని మండల న్యాయ సేవల కమిటీలో దరఖాస్తు ఇవ్వండి, లేదా 15100కి ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు ఉత్తర్వు నకలు, నెలవారీ బకాయి పట్టిక, బాబు జనన ధ్రువపత్రం, ఆస్తి వివరాలు వెంట ఉండాలి.