ఆ రాతి మీద ఏముందో రాయలేదేం?

తమ్ముడికి,

నువ్వు పంపిన పది పేజీలూ చదివాను. ఒంగోలు దగ్గర మీ ఊరెళ్ళి, పాత చర్చి వెనక సమాధుల దొడ్డిలో ముత్తాత సమాధి వెతికి పట్టుకున్నావు. సంతోషం. కానీ రెండు పేజీల నిండా గాలి వీచింది, కాకి అరిచింది, నీ కళ్ళు చెమర్చాయి. ఆ రాతి మీద ఏముందో మాత్రం రాయలేదేం?

మళ్ళీ వెళ్ళు. ఈసారి పొద్దున్నే ఏడింటికి వెళ్ళు. ఎండ ఏటవాలుగా పడుతుంది కాబట్టి అరిగిన అక్షరాల్లో నీడ నిలుస్తుంది. అప్పటికీ ఆనకపోతే అద్దంతో పక్కనుంచి వెలుగు కొట్టు. నాచు పడితే మంచినీళ్ళూ మెత్తటి బ్రష్షూ చాలు, యాసిడ్ జోలికి పోకు. చాక్‌పీసుతో అసలు దిద్దకు. నేను అలా దిద్దే దెబ్బతిన్నాను. మా ముత్తాత పోయిన ఏడు 1908ని 1903 అనుకుని దిద్ది, ఫోటో తీసి, వ్యాసంలో అచ్చేయించాను. మా మేనత్త ఫోన్ చేసి, "మా నాన్న పుట్టింది 1905లో రా. తండ్రి పోయిన రెండేళ్ళకి పుట్టాడా?" అంది. ఇప్పటికీ పండక్కి వెళ్తే అదే అంటుంది.

ఇంకో సంగతి. రాయి ఉందంటే ఎవరో డబ్బు పెట్టారని. బందరులో డచ్చివాళ్ళ సమాధులు చూశావా? 17వ శతాబ్దం నాటి రాళ్ళు, వాటి మీద వంశ చిహ్నాలు, లోతుగా చెక్కిన అక్షరాలు. వర్తకంలో గడించిన డబ్బు అది. మరి మనవాళ్ళో? 1876-78 కరువులో ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ పనిలో మూడున్నర మైళ్ళు కాంట్రాక్టు తీసుకుంటే అక్కడ మట్టి మోసి బతికారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళలో ఎందరికి రాయి దక్కి ఉంటుంది? మట్టి దిబ్బ, కర్ర సిలువ. సిలువని చెదలు తింటాయి, దిబ్బని వానలు కలిపేస్తాయి.

అందుకే మీ ముత్తాత రాయి ఎవరు వేయించారో, ఎప్పుడు వేయించారో కనుక్కో. నున్నటి గ్రానైటు మీద 1911 అని ఉంటే, చాలా ఏళ్ళ తర్వాత ఏ మనవడికో ఉద్యోగం వచ్చాక వేయించిన రాయి అయ్యుంటుంది. అంటే ఆ తేదీ ఎవరో గుర్తు తెచ్చుకుని చెప్పింది. చర్చి రిజిస్టరుతో సరిచూడకుండా నమ్మకు. పాస్టరు గారిని అడిగితే చూపిస్తారు, కాకపోతే ఒక్కసారికి చూపించరు. పాత పేజీలు దొరల ఇంగ్లీషు చేతిరాతలో ఉంటే ఒకే ఇంటిపేరు మూడు రకాలుగా కనిపిస్తుంది. పైకి చదువు, చెవికి తెలుస్తుంది. బాప్తిస్మంతో వెంకయ్య అబ్రహాం అవుతాడు కాబట్టి ఇంటిపేరే నీకు ఆధారం.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా విను. దళితులు క్రైస్తవులైతే ఎస్సీ హోదా ఉండదని 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుతో వచ్చింది. అందుకే కొన్ని ఇళ్ళల్లో బడి రిజిస్టరులో ఒక పేరు, సమాధి రాతి మీద ఇంకో పేరు. నీకది మంచి ఘట్టంగా కనిపిస్తుంది, నిజమే. కానీ ఆ కాగితం మీద ఆధారపడి ఇవాళ ఉద్యోగం చేస్తున్నవాళ్ళుంటారు. రాసే ముందు వాళ్ళని అడుగు. వద్దంటే ఇంటిపేరూ ఊరిపేరూ తీసెయ్. అప్పటికీ ఎవరో తెలిసిపోతుందనిపిస్తే ఆ పేజీ నీ దగ్గరే ఉంచుకో. నా దగ్గర అలాంటివి నాలుగున్నాయి.

నవంబరు 2న సమాధుల పండక్కి మీ ఊళ్ళోనే ఉండు. ముందురోజే వెళ్తే సున్నాలు వేసేవాళ్ళు దొరుకుతారు, మాటలు అప్పుడే బాగా సాగుతాయి. పండగనాడు చీకటిపడ్డాక చూడు, రాయీ పేరూ లేని చోట కూడా ఎవరో ముసలావిడ కొవ్వొత్తి వెలిగిస్తుంది. నీ ఏడో పేజీలో తుమ్మచెట్టు కింద దిబ్బ ఒకటి ఉందని రాసి వదిలేశావు. అక్కడికి ఎవరొస్తారో చూసి, అది ఎవరిదో అడిగి నాకు రాయి.

మీ అన్నయ్య