ఆ ఖాళీ నూనె ప్యాకెట్‌ను జాగ్రత్త చేయండి

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. మా ఇంటి గృహప్రవేశానికి ఎయిర్ బైపాస్ రోడ్డులోని ఒక సూపర్‌మార్కెట్‌లో సరుకులు కొన్నాం. అందులో చెనిక్కాయ నూనె లీటరు ప్యాకెట్లు పది. ర్యాకుకు తగిలించిన చీటీలో ప్యాకెట్ 149 రూపాయలని ఉంది. ఇంటికొచ్చి బిల్లు చూస్తే 172 చొప్పున వేశారు. మర్నాడు మా ఆడబిడ్డను, అబ్బాయిని తోడు తీసుకుని వెళ్లి అడిగాను. ‘ఆఫర్ మొన్ననే అయిపోయిందమ్మా, పిల్లలు చీటీ తీయడం మర్చిపోయారు, అంతే’ అన్నాడు మేనేజరు. గట్టిగా నిలదీసేసరికి సెక్యూరిటీ మనిషి అందరి ముందూ నా చేతిసంచి తెరిపించి వెతికాడు. ఆ అవమానం తలచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు. ఆ తర్వాత ఎప్పుడు వెళ్లినా ‘హెడ్డాఫీసుకు రాశాం, డబ్బులు వచ్చేస్తాయి’ అంటున్నారు. 22 నెలలు గడిచాయి. ఆ రోజు మేనేజరు మాటల్ని మా అబ్బాయి ఫోన్‌లో వీడియో తీశాడు. ‘50 వేలు ఇస్తారా, ఫేస్‌బుక్‌లో పెట్టమంటారా అని ఓనరుకు మెసేజ్ పెడదాం’ అంటున్నాడు. నాకు రావాల్సిన 230 రూపాయలతో పాటు 5 లక్షల పరిహారం అడగవచ్చా? బిల్లు, మిగిలిన ఒక్క ప్యాకెట్ కవరు ఫొటోలు పంపుతున్నాను.

– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, మూడు పేజీల మీ ఉత్తరంలో రెండు పేజీలు ఆ సెక్యూరిటీ మనిషి గురించే ఉన్నాయి. ఆ సంగతి తర్వాత చూద్దాం. మీ కేసును నిలబెట్టే విషయం మాత్రం మీరు ఉత్తరంలో ఎక్కడా రాయలేదు. అది మీరు పంపిన కవరు ఫొటోలో ఉంది. దాన్ని పెద్దది చేసి చూశాను. అడుగు అతుకు దగ్గర, బ్యాచ్ నంబరు కింద, చుక్కచుక్కల అంకెల్లో ఎమ్మార్పీ 165 రూపాయలని ఉంది. మీ దగ్గర వసూలు చేసింది 172.

మీరు 149కి, 172కి మధ్య తేడా గురించే ఆలోచిస్తున్నారు. నేను ముందు చూసేది 165కి, 172కి మధ్య ఉన్న 7 రూపాయలు. పది ప్యాకెట్లకు 70 రూపాయలు. మొత్తం చిన్నదే కానీ, దానికి దుకాణం దగ్గర జవాబు లేదు.

ఎందుకో చెబుతాను. ప్యాకెట్ మీద అచ్చయిన గరిష్ఠ చిల్లర ధర అన్ని పన్నులూ కలిపిన ధర. దానికి మించి ఏ చిల్లర వ్యాపారీ అమ్మకూడదని 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనలు చెబుతున్నాయి. సరుకు మీద గానీ, దాని ప్యాకెట్ మీద గానీ కనిపించే ధర కంటే ఎక్కువ వసూలు చేస్తే ఫిర్యాదు చేయవచ్చని 2019 వినియోగదారుల రక్షణ చట్టం నేరుగా చెబుతోంది. ‘బిల్లు చూసుకునే డబ్బు కట్టారు కదా’ అని వాళ్లు అంటారు. అననివ్వండి. మీరు తెలిసే కట్టినా, ఎమ్మార్పీ దాటడానికి అది అనుమతి కాదు. ‘కంపెనీ రేటు పెంచింది’ అన్నా చెల్లదు. కంపెనీ పెంచిన రేటు కొత్త ప్యాకెట్ల మీద ఉంటుంది. పాత ప్యాకెట్‌ను పాత రేటుకే అమ్మాలి. హోటళ్లు నీళ్ల సీసాకు ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకోవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది కదా అని ఒక్కోసారి దుకాణాల తరఫున వాదిస్తారు. అక్కడ కూర్చోబెట్టి వడ్డించే సేవ ఉంది. ర్యాకులో నుంచి మనమే తీసుకుని బుట్టలో వేసుకునే సూపర్‌మార్కెట్‌కు ఆ తీర్పు అక్కరకు రాదు.

ఈ పొరపాటు ఎలా జరుగుతుందో కూడా తెలుసుకోండి, ఫిర్యాదులో రాయడానికి పనికొస్తుంది. ఒకే నూనె పాత స్టాకుకూ కొత్త స్టాకుకూ చాలాసార్లు ఒకే బార్‌కోడ్ ఉంటుంది, ఎమ్మార్పీ మాత్రం మారుతుంది. స్కాన్ చేసినప్పుడు కంప్యూటర్‌లో రెండు రేట్లు కనబడితే, ప్యాకెట్ తిప్పి చూసి సరైనది నొక్కాల్సింది కౌంటర్లో ఉన్నవాళ్లు. కొత్త రేటు ఒక్కటే ఎక్కించి పెడితే పాత ప్యాకెట్లన్నీ ఆ రేటుకే పోతాయి. అంటే ఆ వారం ఆ నూనె కొన్నవాళ్లు ఇంకెంతమంది ఉన్నారో. అందుకే 70 రూపాయలకు కేసేమిటని నేను అనను.

ఇక 149 చీటీ. ఇది అంత తేలిక కాదు. ర్యాకు మీద ధర రాసి పెట్టడం, ఆ ధరకు అమ్మి తీరతానని ఒప్పందం చేసుకోవడంతో సమానం కాదనే వాదన ఉంది. కౌంటర్లో బిల్లు వేసి డబ్బు తీసుకున్నప్పుడే బేరం కుదిరిందంటారు. కాబట్టి ‘149కే ఇవ్వాల్సింది’ అని మాత్రమే అడిగితే మీరు వాదనలో చిక్కుకుంటారు. ‘అయిపోయిన ఆఫర్ చీటీని అలాగే వేలాడదీసి, ధర విషయంలో కొనేవాళ్లను తప్పుదారి పట్టించారు, ఇది అనుచిత వ్యాపార పద్ధతి’ అని అడగండి. ఆ దారి చట్టంలో ఉంది. అయితే ఆ రోజు ఆ చీటీ అక్కడ ఉందని రుజువు కావాలి. చీటీ ఫొటో మీ దగ్గర లేదు. సీసీ కెమెరా దృశ్యాలు ఇన్నాళ్లు ఉంచి ఉంటారన్న ఆశ పెట్టుకోకండి.

మీ దగ్గర ఉన్నదల్లా మీ అబ్బాయి తీసిన వీడియో. ‘పిల్లలు చీటీ తీయడం మర్చిపోయారు’ అని మేనేజరు తన నోటితోనే అన్నాడు. చీటీ ఉందని ఇంతకంటే ఎవరు చెప్పాలి? అలాంటి వీడియోను పట్టుకుని మీ అబ్బాయి చేయాలనుకుంటున్న పని ఏమిటో చూడండి.

ఈ మాట అతనికి చదివి వినిపించండి. ‘డబ్బు ఇవ్వకపోతే పరువు తీసే వీడియో పెడతాను’ అని బెదిరించి డబ్బు తీసుకోవడం బలవంతపు వసూలు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 308 కింద 7 ఏళ్ల దాకా జైలుశిక్ష పడే నేరం. పరువు తీసే రాతను అచ్చు వేస్తానని బెదిరించి డబ్బు గుంజడమే ఆ సెక్షన్ కింద ఇచ్చిన మొదటి ఉదాహరణ. డబ్బు చేతికి రాకపోయినా, ఆ బెదిరింపు మెసేజ్ ఒక్కటే చాలు కేసు పెట్టడానికి. ‘మాకు న్యాయంగా రావాల్సిందే అడిగాం’ అందామన్నా, రావాల్సింది 230, అడిగింది 50 వేలు. ఆ మెసేజ్ వెళ్లిన మరుక్షణం ఫిర్యాదుదారు స్థానంలో మీరుండరు. ఆ మెసేజ్ ప్రింటు తీసుకుని వాళ్లే పోలీస్ స్టేషన్‌కు వెళతారు. ఊరికే ఫేస్‌బుక్‌లో పెట్టి ‘దొంగలు’ అని రాసినా పరువునష్టం కేసుకు చోటిచ్చినట్టే. పెట్టొద్దు, పంపొద్దు, వాట్సాప్ గ్రూపులో కూడా వేయొద్దు.

వీడియోను కత్తిరించకుండా, పేరు మార్చకుండా తీసిన ఫోన్‌లోనే ఉంచాలి. ఆ ఫోన్‌ను అమ్మొద్దు, ఎక్స్‌ఛేంజ్‌కు ఇవ్వొద్దు. ఒక కాపీని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. వాట్సాప్‌లో పంపితే వీడియో నాణ్యత తగ్గిపోతుంది, కేబుల్ పెట్టి ఎక్కించండి. దానితో పాటు, అది ఏ ఫోన్‌లో తీసిందో, కాపీ ఎలా చేశారో ధ్రువీకరిస్తూ భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ ఇవ్వాలి.

ఇప్పుడు బిల్లు గురించి. ఇక్కడ మిమ్మల్ని మందలించక తప్పదు. మీరు పంపిన ఫొటోలో నూనె లైను దగ్గర 172 అన్న అంకెలు నీలం పెన్నుతో ఉన్నాయి. మాసిపోతోందని మీ అబ్బాయి పైన దిద్దాడట. ఎంత పనిచేశాడమ్మా! ఉన్న అంకె మీదే దిద్దినా, అవతలి లాయరు అడిగే మొదటి ప్రశ్న ‘ఇక్కడ అసలు ఎంత ఉండేది’ అనే. ఆ బిల్లును ఇక ముట్టుకోకండి. లామినేషన్ చేయిద్దామని కూడా రాశారు. ససేమిరా వద్దు. అది వేడి తగిలితే రంగు మారే థర్మల్ కాగితం, లామినేషన్ మెషీన్‌లో పెడితే నల్లగా మాడిపోయి వస్తుంది. దిద్దిన మాటను దాచకండి. ఎవరు, ఎప్పుడు, ఎందుకు దిద్దారో అఫిడవిట్‌లో మీరే ముందుగా రాయండి. మీరు చెబితే అది పొరపాటుగా మిగులుతుంది. వాళ్లు బయటపెడితే ఫోర్జరీ అంటారు.

ఈ నష్టాన్ని పూడ్చే దారి ఉంది. బిల్లు పై భాగంలో బిల్లు నంబరు, తేదీ, జీఎస్టీ నంబరు ఇంకా కనిపిస్తున్నాయి. జీఎస్టీ చట్టం ప్రకారం వ్యాపారి తన లెక్కలు, రికార్డులు 72 నెలలు భద్రపరచాలి. కాబట్టి ‘పాత బిల్లు సిస్టంలో లేదు’ అనే మాట ఒప్పుకోవద్దు. ఫలానా నంబరు బిల్లుకు డూప్లికేట్ ఇవ్వండని ఉత్తరం రాసి స్పీడ్ పోస్టులో పంపండి, ముట్టినట్టు రుజువు దాచండి. ఇవ్వకపోతే ఆ రికార్డు తెప్పించమని, మీరు ఫిర్యాదు వేసే వినియోగదారుల కమిషన్‌ను కోరవచ్చు, దానికి ఆ అధికారం ఉంది. కౌంటర్లో ఫోన్ నంబరు చెప్పి ఉంటే, బిల్లు లింకు మెసేజ్ వచ్చిందేమో మీ ఫోన్‌లో ఆ తేదీ దాకా వెనక్కి వెళ్లి వెతకండి. యూపీఐ మెసేజ్ ఒక్కటే సరిపోదు. అందులో మొత్తం ఉంటుంది గానీ నూనెకు ఎంత వేశారో ఉండదు.

తొమ్మిది కవర్లు చెత్తబుట్ట పాలయ్యాయి. పోనీ, పదోది ఉంది. ఆ కవరు ఆ బిల్లుదే అని చూపడానికి ప్యాకింగ్ తేదీ కొన్న తేదీ కంటే ముందుదై ఉండాలి. ఫొటోలో చూశాను, ముందుదే. నూనె జిడ్డు తగిలితే ఆ చుక్కల అంకెలు వేలితో తుడిచినా పోతాయి. వెనక వైపు జిడ్డు మాత్రమే పొడిగుడ్డతో అద్ది, అంకెల జోలికి వెళ్లకుండా, కాగితపు కవరులో పెట్టండి.

అన్నిటికంటే తొందరపడాల్సింది గడువు గురించి. వినియోగదారుల ఫిర్యాదుకు వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69 ప్రకారం కాలపరిమితి 2 ఏళ్లు. మీ విషయంలో అది బిల్లు తేదీ నుంచి లెక్క. 22 నెలలు ‘హెడ్డాఫీసు’ మాట నమ్మి తిరిగారు. ఆ నోటిమాటలతో గడువు ఒక్క రోజు కూడా పెరగదు. లాయరు నోటీసు ఇస్తే కొత్తగా 2 ఏళ్లు మొదలవుతాయని కొందరు చెబుతారు, అదీ తప్పే. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి, చాలా దుకాణాలు ఆ దశలోనే డబ్బు తిరిగి ఇచ్చేస్తాయి. కానీ అక్కడ ఫిర్యాదు నడుస్తోందని గడువు ఆగదు. ఆలస్యాన్ని మన్నించమని అడిగే వీలు చట్టంలో ఉన్నా, దానికి తగిన కారణం చూపాలి. ‘వాళ్లు ఇస్తామన్నారు’ అనేది బలమైన కారణం కాదు. మీకు మిగిలింది 2 నెలలు. నేనైతే 15 రోజుల్లో వేసేస్తాను.

తిరుపతిలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయండి. మీరు ఉండేదీ, కొన్నదీ ఇక్కడే. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచి కూడా వేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, లాయరును పెట్టుకోవడం తప్పనిసరి కాదు. ప్రతివాదిగా బోర్డు మీది పేరు రాయకండి. బిల్లు మీది జీఎస్టీ నంబరును జీఎస్టీ పోర్టల్‌లో కొడితే వ్యాపారి చట్టబద్ధమైన పేరు వస్తుంది, అది రాయాలి. పేరు తప్పు పడితే నోటీసులు తిరిగొచ్చి నెలలు వృథా అవుతాయి. పది లీటర్ల నూనె కొన్నారంటే ‘మళ్లీ అమ్ముకోవడానికి కొన్నారు, వీళ్లు వినియోగదారులే కాదు’ అనే వాదన రావచ్చు. గృహప్రవేశం పత్రిక ఒకటి జతచేయండి, సరిపోతుంది. వేరుగా తూనికలు, కొలతల శాఖకు కూడా ఫిర్యాదు ఇవ్వండి. వాళ్లు దుకాణం మీద చర్య తీసుకుంటారు, మీ డబ్బు ఇప్పించేది మాత్రం కమిషనే.

ఏం అడగాలంటే: ముందు 70 రూపాయలు, ఎమ్మార్పీ దాటినందుకు. తర్వాత మిగిలిన 160, తప్పుదారి పట్టించిన చీటీకి. రెండింటినీ కలిపి 230 అని ఒకే ముద్దగా రాయకండి, చీటీ వాదన వీగినా 70 నిలవాలి. అయిపోయిన ఆఫర్ చీటీలు పెట్టే పద్ధతి మానేలా ఆదేశం కోరండి. కేసు ఖర్చులు అడగండి.

5 లక్షలు వద్దు. అంత అడగడం నేరమేమీ కాదు. కానీ ఆ అంకె చూడగానే ఫిర్యాదు మీద గౌరవం తగ్గుతుంది. సంచి వెతికిన విషయం నిజమైన ఫిర్యాదే, వదిలేయమనడం లేదు. రెండు పేజీలు కాదు, ఆరు వాక్యాల్లో రాయండి. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎవరు, ఏమన్నారు, ఏం చేశారు, ఎవరు చూశారు. పక్కనే ఉన్న మీ ఆడబిడ్డ చేత విడిగా ఒక అఫిడవిట్ రాయించండి. మీ మాటనే ఆమె చేత తిరగరాయించకండి, ఆమె కళ్లతో చూసింది ఆమె మాటల్లో ఉండాలి. దానికి ఇంత పరిహారం అని మీరు నిలబడి చెప్పగలిగిన మొత్తం అడగండి. నా లెక్కలో అది వేలల్లో ఉండాలి.

నోటీసు వెళ్లాక దుకాణం వాళ్లు మీ ఇంటికి రావచ్చు. అవతలి పక్షం జవాబు వేయడానికి 30 రోజులు, గట్టిగా అయితే ఇంకో 15 రోజులు గడువుంటుంది, ఆ లోపే రాజీకి వస్తుంటారు. రాజీ తప్పు కాదు. అయితే కూపన్లు ఇచ్చి, ‘నాకు ఏ ఫిర్యాదూ లేదు’ అని ముందే టైపు చేసిన కాగితం మీద సంతకం అడిగితే పెట్టకండి. ఇచ్చేది ఎంతో, దేనికో ఆ కాగితంలో రాయించండి. డబ్బు మీ ఖాతాలో పడ్డాక, ఆ కాగితాన్ని కమిషన్ ముందే దాఖలు చేయించండి.